పీహెచ్ 7.0 ఫాస్ఫేట్ బఫర్: తూకం నుంచి పరీక్ష దాకా

స్వేదన జలం ఉన్న బీకరులో పీహెచ్ మీటరు ఎలక్ట్రోడును ముంచి కాసేపు చూడండి. 5.6 అంటుంది, 5.9 అంటుంది, 6.2 దాకా పోయి మళ్లీ వెనక్కి వస్తుంది. ఎక్కడా కుదురుగా నిలవదు. మీటరు పాడైందని చాలామంది అనుకుంటారు గానీ, కుదురు లేనిది నీటికే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా కరిగినా, బీకరు గోడకు నిన్నటి క్షారం ఆనవాలుగా మిగిలి ఉన్నా దాని పీహెచ్ మారిపోతుంది. అదే ఎలక్ట్రోడును కడిగి ఫాస్ఫేట్ బఫర్‌లో ముంచితే అరనిమిషంలో 7.00 దగ్గర ఆగి, ఇక కదలదు. ఒక లీటరు 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌ను మీరే తయారు చేసుకొని, అది ఆమ్లాన్ని ఎంతవరకు తట్టుకుంటుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో కొలిచి చూసుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఇంటర్మీడియట్ స్థాయి రసాయనశాస్త్రం తెలిసి, గ్రాములో వందో వంతు వరకు తూచే త్రాసు, పీహెచ్ మీటరు అందుబాటులో ఉంటే ఇది ఒక పూటలో పూర్తయ్యే పని.

ముందు ఆ జంట సంగతి

ఒక బలహీన ఆమ్లమూ, అది హైడ్రోజన్ అయాన్‌ను వదులుకున్నాక మిగిలే క్షార రూపమూ, రెండూ తగినంత మోతాదులో ఒకే ద్రావణంలో ఉంటే దానిని బఫర్ అంటాం. మన బఫర్‌లో ఆమ్లం పాత్ర డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ అయాన్‌ది, క్షారం పాత్ర మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ అయాన్‌ది. బయటి నుంచి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వచ్చి పడితే, దాని హైడ్రోజన్ అయాన్లను క్షార రూపం పట్టుకొని తానే ఆమ్ల రూపంగా మారిపోతుంది. అంటే వచ్చిన బలమైన ఆమ్లం స్థానంలో ఒక బలహీన ఆమ్లం మిగులుతుంది. సోడియం హైడ్రాక్సైడ్ వచ్చి పడితే ఆమ్ల రూపం తన హైడ్రోజన్ అయాన్‌ను ఇచ్చి దానిని నీరుగా మార్చేస్తుంది. ఎటు నుంచి దాడి జరిగినా మారేది ఈ రెండు రూపాల నిష్పత్తి మాత్రమే.

ఆ నిష్పత్తికీ పీహెచ్‌కూ ఉన్న సంబంధాన్ని లారెన్స్ హెండర్సన్ 1908లో ఒక సమీకరణంగా రాశాడు. మరుసటి ఏడాది, 1909లో, కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ పీహెచ్ అనే కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. బీరు తయారీదారులు నెలకొల్పిన ప్రయోగశాలలో పుట్టిన కొలమానం అది. ఆ తర్వాత హాసెల్‌బాల్క్ ఆ రెండింటినీ కలిపి సంవర్గమాన రూపంలోకి తెచ్చాడు. ఒక జంటలో రెండు రూపాలూ సమానంగా ఉన్నప్పుడు వచ్చే పీహెచ్‌ను ఆ జంట పీకేఏ అంటాం. మనకు కావలసింది ఈ ఒక్క వాక్యమే: పీహెచ్ = పీకేఏ + సంవర్గమానం (క్షార రూపం ÷ ఆమ్ల రూపం). ఇందులో సంవర్గమానం ఉండటం వల్లనే మనకు నిలకడ దక్కుతోంది. నిష్పత్తి పది రెట్లు మారితే గానీ పీహెచ్ ఒక్క అంకె కదలదు.

అంకెల్లో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. పీహెచ్ 7 దగ్గర లీటరు నీటిలో ఉండే హైడ్రోజన్ అయాన్లు ఒక మోల్‌లో కోటో వంతు. మనం తయారు చేయబోయే బఫర్‌లో లీటరుకు క్షార రూపం 0.061 మోల్, ఆమ్ల రూపం 0.039 మోల్ ఉంటాయి. అంటే పట్టుకోవడానికి సిద్ధంగా ఉన్న క్షారం, ద్రావణంలో తిరుగుతున్న హైడ్రోజన్ అయాన్లకు ఆరు లక్షల రెట్లు.

పుస్తకంలోని 7.20తో లెక్క వేయకండి

ఈ మెట్టు దగ్గర తడబడేవారు చాలామంది కనుక కొంచెం ఎక్కువసేపు ఆగుదాం. ఫాస్ఫారిక్ ఆమ్లానికి మూడు పీకేఏ విలువలు ఉన్నాయి: సుమారుగా 2.15, 7.20, 12.35. మన జంటకు సంబంధించింది రెండవది. కాబట్టి పీహెచ్ 7.0 కావాలంటే 7.20ని సమీకరణంలో పెట్టి లెక్క వేయడం సహజంగానే తోస్తుంది. అలా వేస్తే క్షార రూపం 39 పాళ్లు, ఆమ్ల రూపం 61 పాళ్లు అని వస్తుంది. ప్రయోగశాలల్లో ఏళ్ల తరబడి వాడుతున్న పట్టిక చూస్తే మాత్రం క్షార రూపం 61, ఆమ్ల రూపం 39 అని, సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. పట్టికలో అచ్చుతప్పు పడిందేమోనని అనుమానం రావడం సహజం. తప్పు పట్టికలో లేదు.

7.20 అనే విలువ ద్రావణం అత్యంత పలుచగా ఉన్నప్పటిది. 0.1 మోలార్ ద్రావణంలో సోడియం, ఫాస్ఫేట్ అయాన్లు కిక్కిరిసి ఉంటాయి. మోనోహైడ్రోజన్ ఫాస్ఫేట్ మీద రెండు రుణావేశాలు ఉండటం వల్ల, చుట్టూ మూగిన సోడియం అయాన్లు దానిని ఒకే ఆవేశం ఉన్న దాని జతగాడి కంటే ఎక్కువగా స్థిరపరుస్తాయి. ఫలితంగా ఆమ్ల రూపం తన హైడ్రోజన్ అయాన్‌ను ఇంకాస్త తేలికగా వదులుతుంది, ఆచరణలో పీకేఏ సుమారు 6.8కి దిగిపోతుంది. 7.20ని నమ్ముకొని కలిపినవారికి మీటరు మీద 6.6 కనిపించేది ఇందువల్లే. ద్రావణాన్ని పలుచన చేస్తే పీహెచ్ కాస్త పైకి జరగడానికి కారణం కూడా ఇదే; కాబట్టి పది రెట్ల గాఢతతో బఫర్ చేసిపెట్టుకొని, వాడేటప్పుడు పలుచన చేసేవారు పలుచన చేసిన తర్వాతే పీహెచ్ చూసుకోవాలి.

సీసా మీది చీటీ చదివి తూచండి

రెండు లవణాలతో విడివిడిగా 0.2 మోలార్ ద్రావణాలను అర లీటరు చొప్పున తయారు చేయండి. ఆమ్ల రూపానికి సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, క్షార రూపానికి డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ వాడతాం. పేర్లు దగ్గరగా ఉన్నాయి కనుక సీసాలు తారుమారు కాకుండా, తూచే ముందే రెండు బీకర్ల మీద పేర్లు రాసుకోండి.

ఈ లవణాలు స్ఫటికజలంతోనూ దొరుకుతాయి, అది లేకుండానూ దొరుకుతాయి. సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌లో రెండు నీటి అణువులున్న రకానికి అణుభారం 156.01 కాబట్టి అర లీటరుకు 15.60 గ్రాములు కావాలి. ఒక నీటి అణువున్న రకమైతే 13.80 గ్రాములు, అసలు నీరు లేని రకమైతే 12.00 గ్రాములు చాలు. డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ విషయంలో తేడా మరీ ఎక్కువ. నీరు లేనిది 14.20 గ్రాములు, రెండు నీటి అణువులున్నది 17.80 గ్రాములు, పన్నెండు నీటి అణువులున్నదైతే ఏకంగా 35.81 గ్రాములు తూచాలి.

ఈ తేడా ఎంత దెబ్బ తీస్తుందో నేను చేసి తెలుసుకున్నాను. పుస్తకంలో ఉన్న 14.20 గ్రాములను బట్టీ పట్టినట్టు తూచి, పన్నెండు నీటి అణువుల రకం సీసాలోంచి తీసి కరిగించాను. స్ఫటికాలు చక్కగా కరిగాయి, ద్రావణం తేటగా ఉంది, చూపుకు ఏ లోపమూ లేదు. కలిపాక మీటరు 6.6 చూపించింది. గంటసేపు ఎలక్ట్రోడును అనుమానించి, రెండుసార్లు క్రమాంకనం చేసి, చివరికి సీసా తిప్పి చూస్తే చీటీ మీద అణుభారం 358.14 అని ఉంది. నేను వేసిన లవణం కావలసినదానిలో నలభై శాతం మాత్రమే. మీకు కూడా 6.6 ప్రాంతంలో వస్తే మీటరును తిట్టుకునే ముందు ఈ రెండూ చూసుకోండి: 7.20తో లెక్క వేశారా, లేక చీటీ చదవకుండా తూచారా.

పన్నెండు నీటి అణువుల రకంతో ఇంకో చిక్కు ఉంది. పొడి గాలి తగిలితే అది తన నీటిని కొంత వదిలేస్తుంది. మన వేసవిలో మూత సరిగా పెట్టని సీసాలో, మెరిసే స్ఫటికాల మీద తెల్లటి పొడి పేరుకోవడం కనిపిస్తుంది. అలాంటి లవణంలో నీరు ఎంత ఉందో చెప్పలేం కనుక ఏ తూకమూ నమ్మదగినది కాదు. నా మాట అడిగితే, నీరు లేని రకాన్నే కొని, 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ మధ్య ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరనివ్వని మూత పాత్రలో) చల్లార్చి తూచడం మేలు.

కరిగించేటప్పుడు నీరు లేని డైసోడియం లవణాన్ని చల్లటి నీటిలో ఒక్కసారిగా కుమ్మరించకండి. అది అడుగున రాయిలా గట్టిపడి, గాజు కడ్డీకి కూడా లొంగదు. సుమారు 400 మి.లీ. గోరువెచ్చని స్వేదన జలాన్ని కలియబెడుతూ, లవణాన్ని కొద్దికొద్దిగా చల్లుతూ పొండి. మొత్తం కరిగి, గది ఉష్ణోగ్రతకు చల్లారిన తర్వాతే 500 మి.లీ. గీత వరకు నీరు పోయండి; వేడిగా ఉన్నప్పుడు గీత దాకా నింపితే చల్లారాక మట్టం దిగి, గాఢత అనుకున్నదానికంటే పెరుగుతుంది. మొదటి లవణంతో ఈ ఇబ్బంది లేదు, అది సులువుగా కరుగుతుంది.

మీటరును సిద్ధం చేసుకోండి

దుకాణాల్లో దొరికే బఫర్ బిళ్లల్లో 4.0, 7.0 బిళ్లలను తీసుకొని, ప్యాకెట్ మీద చెప్పినంత స్వేదన జలంలో కరిగించి, ముందుగా 7.0తోనూ తర్వాత 4.0తోనూ మీటరును సరిచేయండి. మనం తర్వాత ఆమ్లం పోసి పరీక్షించబోతున్నాం కనుక 9.2 బిళ్ల ఇప్పటికి అవసరం లేదు. ఒక ద్రావణం నుంచి మరోదానికి మారేటప్పుడు ఎలక్ట్రోడును స్వేదన జలంతో కడిగి, మెత్తని కాగితంతో అద్దండి, రుద్దకండి. ఈ రెండు ద్రావణాలూ, మీ బఫరూ గది ఉష్ణోగ్రతలోనే ఉండాలి.

కలపడం, సరిచేయడం

ఒక లీటరు ప్రమాణ కుప్పెలో క్షార ద్రావణం 305 మి.లీ., ఆమ్ల ద్రావణం 195 మి.లీ. పోసి, స్వేదన జలంతో సుమారు 900 మి.లీ. వరకు పెంచి బాగా కలపండి. అందులోంచి కొద్దిగా శుభ్రమైన చిన్న బీకరులోకి తీసి పీహెచ్ చూడండి. ఎలక్ట్రోడును కుప్పెలోకి దించే ప్రయత్నం చేయవద్దు. తూకాలు సరిగ్గా ఉంటే 6.95కూ 7.05కూ మధ్య వస్తుంది. చూశాక బీకరులోనిది తిరిగి కుప్పెలోనే పోసేయండి.

ఇక్కడ చాలామంది హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసానో సోడియం హైడ్రాక్సైడ్ సీసానో అందుకుంటారు. ఒక చుక్క ఎక్కువై పీహెచ్ అటు పోతే రెండోది పోసి ఇటు లాగుతారు. పీహెచ్ 7.00కు వస్తుంది, సందేహం లేదు. కానీ ద్రావణంలో లెక్కకు రాని ఉప్పు పేరుకుంటుంది. దానికి బదులు అవే రెండు ఫాస్ఫేట్ ద్రావణాలతో సరిచేయండి: పీహెచ్ తక్కువైతే క్షార ద్రావణం, ఎక్కువైతే ఆమ్ల ద్రావణం. పీహెచ్‌ను 0.05 మేర పెంచాలంటే సుమారు 35 మి.లీ. క్షార ద్రావణం పడుతుంది. ఇంత చిన్న మార్పుకు అంత పోయాలా అని ఆశ్చర్యపోకండి, బఫర్ లక్షణమే అది. అంత పోస్తే మొత్తం ఫాస్ఫేట్ గాఢత 0.1 నుంచి 0.107కు పెరుగుతుంది కనుక, 0.02 తేడా కోసం పట్టుబట్టకుండా ఉన్నదున్నట్టు వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. చివరగా గీత వరకు నీరు నింపి, మూత బిగించి, కుప్పెను పదిపదిహేను సార్లు తలకిందులు చేసి కలపండి.

ఇప్పుడు పరీక్ష

ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ. కావాలి. గాఢ ఆమ్లం సుమారు 12 మోలార్ ఉంటుంది కనుక దాదాపు 8.5 మి.లీ. చాలు. కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకొని, పొగలు లాగే ఫ్యూమ్ హుడ్‌లో, ముందు నీరు తీసుకొని అందులోకి ఆమ్లాన్ని మెల్లగా పోయండి. ఆమ్లంలోకి నీరు ఎప్పుడూ పోయకూడదు.

రెండు బీకర్లు తీసుకొని ఒకదానిలో 100 మి.లీ. స్వేదన జలం, రెండోదానిలో 100 మి.లీ. మీ బఫర్ పోయండి. పిపెట్‌తో రెండింటిలోనూ 0.1 మి.లీ. ఆమ్లం వేసి కలిపి చూడండి. నీటి పీహెచ్ 3 దగ్గరకు కూలిపోతుంది. బఫర్ 7.00 నుంచి 6.98కి దిగుతుంది, మీ మీటరు ఒక్క దశాంశ స్థానమే చూపేదైతే ఏమీ జరగనట్టే ఉంటుంది. మొత్తం 1 మి.లీ. అయ్యేదాకా వేస్తే నీరు 2కు చేరుతుంది, బఫర్ 6.82 దగ్గర ఉంటుంది. ఇక నీటి బీకరును పక్కన పెట్టి, బఫర్‌లో మాత్రం ఆమ్లం పోస్తూ రాసుకోండి. 3 మి.లీ. దగ్గర దాదాపు 6.46, 5 మి.లీ. దగ్గర 5.9, 6 మి.లీ. దగ్గర 4.8 వస్తాయి. తర్వాతి అర మి.లీ.తో 4 కిందికి దూకుతుంది. మీ అంకెలు వీటికి కొద్దిగా అటూఇటూ ఉండవచ్చు గానీ, గీసిన వక్రరేఖ ఆకారం మాత్రం ఇదే ఉండాలి: మొదట మెల్లని దిగుడు, ఆపైన హఠాత్తుగా లోయ.

ఆ లోయ ఎందుకు వచ్చిందో లెక్క చూస్తే తెలుస్తుంది. 100 మి.లీ. బఫర్‌లో క్షార రూపం 6.1 మిల్లీమోల్ ఉంది, ఒక్కో మి.లీ. ఆమ్లం ఒక్కో మిల్లీమోల్‌ను తినేస్తుంది. 6.1 మి.లీ.తో ఖజానా ఖాళీ అవుతుంది. పీహెచ్ నిలకడగా ఉన్నంతసేపూ లోపల ఖర్చు జరుగుతూనే ఉంది, అది మీటరుకు కనిపించదు. అందుకే, ఒక చర్య జరుగుతున్నంతసేపూ పీహెచ్ 7 దగ్గరే ఉండాలనుకుంటే, ఆ చర్యలో ఎంత ఆమ్లం పుడుతుందో ముందుగా అంచనా వేసుకొని, దానికి కనీసం ఐదు రెట్ల క్షార రూపం ఉండేలా బఫర్ గాఢతను ఎంచుకోవడం నేను పాటించే లెక్క.

వేరే 100 మి.లీ. బఫర్ తీసుకొని ఒక మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో ఇదే పరీక్ష చేస్తే, 1 మి.లీ.కు పీహెచ్ 7.20కి పెరుగుతుంది, 3.9 మి.లీ. దగ్గర ఆమ్ల రూపం అయిపోతుంది. అంటే ఈ బఫర్ ఆమ్లాన్ని ఓర్చినంతగా క్షారాన్ని ఓర్చుకోదు. పీహెచ్ పీకేఏకు పైన ఉంటే ఆమ్లాన్ని, కింద ఉంటే క్షారాన్ని ఎక్కువగా తట్టుకుంటుంది. రెండూ సమానంగా ఉండే చోట రెండు వైపులా ఒకే బలం. పీకేఏకు ఒక అంకె దూరం దాటితే ఆ జంట వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

అయితే మన రక్తం ఈ నియమాన్ని లెక్కచేయదు. అందులోని బైకార్బొనేట్ జంట పీకేఏ 6.1, రక్తం పీహెచ్ 7.4, ఒక అంకె కంటే ఎక్కువ దూరం. ఆమ్లం వచ్చి పడినప్పుడు పుట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను ఊపిరితిత్తులు బయటికి పంపేస్తూ ఉండటం వల్ల అది చెల్లుతోంది. మూతలేని పాత్ర అది. గోదావరి జిల్లాల రొయ్యల చెరువుల్లో రైతులు ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) పరీక్ష చేయించి సున్నమో సోడానో చల్లేది కూడా ఈ బైకార్బొనేట్ ఖజానా తరగకుండా చూసుకోవడానికే. ఆల్కలినిటీ తక్కువైన చెరువులో, తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య పీహెచ్ ఊగిసలాట పెరిగిపోతుంది.

ఫాస్ఫేట్ పనికిరాని చోట్లు, నిల్వ

మీ ద్రావణంలో కాల్షియం లవణాలు ఉండబోతుంటే ఫాస్ఫేట్ వాడకండి. తెల్లటి కాల్షియం ఫాస్ఫేట్ అడుగుకు చేరి, కాల్షియమూ బఫరూ రెండూ తరిగిపోతాయి. 4.7 దగ్గర పీహెచ్ కావాలంటే ఎసిటిక్ ఆమ్లం, సోడియం ఎసిటేట్ జంట మంచిది. 8 దగ్గర ట్రిస్ అనే కర్బన క్షారం వాడతారు, కానీ దానికి ఉష్ణోగ్రతంటే పడదు: డిగ్రీకి 0.028 చొప్పున మారుతుంది కనుక, 25 డిగ్రీల వద్ద 8.1కి సరిచేసిన ట్రిస్ బఫర్‌ను 4 డిగ్రీల చలిగదిలోకి తీసుకెళితే 8.7 దాకా ఎగబాకుతుంది. ఫాస్ఫేట్ మార్పు అందులో పదో వంతే.

సోడియం ఫాస్ఫేట్ బఫర్‌ను గడ్డకట్టించకండి. గడ్డకట్టేటప్పుడు డైసోడియం లవణం ముందుగా స్ఫటికమై విడిపోతుంది, మిగిలిన ద్రవంలో ఆమ్ల రూపం మిగిలిపోయి పీహెచ్ 4 దరిదాపులకు పడిపోగలదు. అందులో ఎంజైము ఉంటే దెబ్బతింటుంది. విడిగా దాచుకున్న 0.2 మోలార్ డైసోడియం ద్రావణాన్ని ఫ్రిజ్‌లో పెడితే అడుగున సూదుల్లాంటి స్ఫటికాలు కనిపించవచ్చు. పైనున్న నీటిని వంచుకొని వాడారంటే గాఢత తప్పుతుంది; సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచి, స్ఫటికాలన్నీ కరిగాక కలిపి వాడండి.

తయారైన బఫర్‌లో బూజు, సూక్ష్మజీవులు హాయిగా పెరుగుతాయి. ఆటోక్లేవ్ చేసి (ఒత్తిడిలో ఉన్న ఆవిరితో సూక్ష్మజీవులను చంపి) గానీ, 0.22 మైక్రాన్ వడపోత గుండా పంపి గానీ 4 డిగ్రీల దగ్గర ఉంచండి. సీసా అడుగున పొగమంచులాంటి తెర కనిపించిన రోజున పీహెచ్ సరిగ్గానే ఉన్నా పారబోసేయండి. సీసా చీటీ మీద లవణం పేరు, మొత్తం గాఢత, పీహెచ్, దానిని కొలిచిన ఉష్ణోగ్రత, తయారు చేసిన తేదీతో పాటు ఏ స్ఫటికజలం రకం వాడారో కూడా రాయండి. ఆ చివరిది రాసేవారు తక్కువ, వెతుక్కునేవారు ఎక్కువ.